అక్క ఒంటి మీది నీలం

మా అమ్మ మొదట అది రంగనుకుంది.

అక్కను ఏడో నెల కడుపుతో పోచంపల్లి నుంచి నకిరేకల్‌లోని మా ఇంటికి తీసుకొచ్చిన మర్నాడు పొద్దున, పెరట్లో తలకు పోస్తూ, భుజం కిందా నడుము మీదా నీలం మరకలు చూసింది. అక్క అత్తగారింట్లో ఇంటిల్లిపాదిదీ మగ్గం పనే. నూలుకు రంగులద్దేది బావ. మోచేతుల దాకా ఆయనకు ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకునే ఉంటుంది. ఆ రంగే అక్కకూ అంటిందనుకొని అమ్మ సున్నిపిండితో రుద్దింది. పోలేదు. సబ్బు పెట్టి ఇంకాస్త గట్టిగా రుద్దింది.

"అమ్మా, నొస్తాందే" అంది అక్క.

అమ్మ చెయ్యి ఆగిపోయింది. రంగైతే నొప్పి ఎందుకు పెడుతుంది?

తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం అది. నేను హైదరాబాదులో పరిశోధన చేస్తున్నాను. అక్క వచ్చిందని నాలుగు రోజుల సెలవు పెట్టి వచ్చాను. వంటింట్లో పొయ్యి దగ్గర ఉండగా పెరట్లోంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఎవలు కొట్టిన్రు బిడ్డా?"

"నన్నెవలు కొడ్తరే?"

"గీ మచ్చలేంది మరి? అల్లుడేనా? నిజం చెప్పు."

"నీకు దండం పెడ్త, ఒర్రకే. పక్కింటోళ్ళు ఇంటరు. నన్నెవలు కొట్టలే."

తువ్వాలు పట్టుకొని వెళ్ళాను. అక్క గోడవైపు తిరిగి తడి చీర భుజాల మీదికి లాక్కుంటోంది. మచ్చలు నాలుగైదు కనిపించాయి. కొన్ని ముదురు నీలం, కొన్ని పచ్చబారుతున్నాయి. పచ్చబారేవి పాతవి. అంటే ఇది ఒక్కనాటిది కాదు. నాకు కూడా మొదట దెబ్బలనే అనిపించింది, బావ మీద కోపమే వచ్చింది. తర్వాత అక్క కాళ్ళు తుడవడానికి వంగాను.

పిక్కల మీద, చీలమండల చుట్టూ ఎర్రని చుక్కలు. ఆవగింజ కంటే చిన్నవి, సూదిమొనతో పొడిచినట్టు వందల కొద్దీ. దోమకాటైతే వేలితో నొక్కినప్పుడు ఎరుపు పోయి మళ్ళీ వస్తుంది. నొక్కాను. పోలేదు. ఇంకోచోట నొక్కాను. అక్కడా పోలేదు. అంటే చర్మం కింద రక్తం కారుతోంది.

"ఏం చూస్తున్నవే?" అని అడిగింది అక్క.

"ఏం లేదు. పండ్లు తోముకుంటుంటే రక్తం వస్తాందా?"

"వస్తాంది. నెల రోజుల సంది. కడుపుతోని ఉన్నోళ్ళకు వస్తదని మా అత్త అన్నది."

 తువ్వాలు చేతిలో పట్టుకొని అట్లాగే తడి నేల మీద కూర్చున్నాను.

నేను చదువుతున్నది సరిగ్గా కారే రక్తాన్ని ఆపే కణాల గురించే. ఎముకల లోపలి మూలుగలో మెగాకారియోసైట్లనే కణాలుంటాయి. అక్కడుండే కణాలన్నిట్లోకీ అవే పెద్దవి. ఒక్కోటీ పెరిగి పెరిగి, చివరికి తన ఒంటినే తుంపులు తుంపులుగా రక్తంలోకి వదిలేసి తాను లేకుండా పోతుంది. ఆ తుంపులే ప్లేట్‌లెట్లు. ఒంట్లో ఎక్కడ చిన్న రక్తనాళం చిట్లినా ముందుగా అక్కడ చేరి మూసేవి అవే. అవి బతికేది వారం పది రోజులు. అందుకని మూలుగ ఎప్పటికప్పుడు కొత్తవి తయారు చేస్తూనే ఉండాలి. ఆ తయారీ ఎట్లా జరుగుతుందో, మూలుగలోనే జరుగుతుందో, కణాలు ఊపిరితిత్తుల దాకా పోయాక జరుగుతుందో, ఆ రోజుల్లో పెద్దపెద్ద శాస్త్రవేత్తల మధ్యే వాదన నడుస్తుండేది. ఎలుకల తొడ ఎముకల్లోంచి మూలుగ తీసి, ఆ కణాలను గాజు గిన్నెల్లో బతికించి చూడటం నా పని.

కాబట్టి ప్లేట్‌లెట్లు ఎందుకు తగ్గుతాయో నాకు తెలుసు. అందులో మొదటి కారణంగా నా మనసులో మెదిలింది రక్తపు కాన్సర్. మూలుగ నిండా పనికిరాని కణాలు చేరి, చేయాల్సిన వాటికి చోటు లేకుండా చేసే జబ్బు. ఆ క్షణంలో నేను అనుకున్న మాట రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆడదు. బావ కొట్టి ఉంటే బాగుండు అనుకున్నాను. దేవుడా, ఇవి దెబ్బలే కావాలి అనుకున్నాను.

అమ్మ నా ముఖం చూడలేదు. కొంగు నడుముకు చెక్కుకొని ముందర అర్రలోకి పోయింది. అక్కను దింపడానికి వచ్చిన బావ అక్కడ బాపుతో కలిసి చాయ్ తాగుతున్నాడు. మా బాపు బట్టల దుకాణంలో గుడ్డ కొలిచి కోసే పని చేసేవాడు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు.

"ఏం పాపం చేసిందని కొట్టినవు?" అని అడిగింది అమ్మ. "కడుపుల బిడ్డ ఉండంగ చెయ్యెట్ల వచ్చింది నీకు?"

బావ గ్లాసు కింద పెట్టాడు. ఆయన తక్కువ మాటల మనిషి. "నేను కొట్టలే అత్తా" అన్నాడు.

"ఒళ్ళంత నల్లగైంది. కొట్టకుంటెనే అయితదా?"

"నాకు గూడ ఎర్కలే. అడిగితె బిందె తాకిందన్నది, గడప తాకిందన్నది."

బాపు లేచి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. నేను గుమ్మంలో ఉన్నాను. ఒక్క మాట చెబితే చాలు, అది ఆగిపోయేది. చెప్పలేదు. చెబితే ఆ రోగం నిజమైపోతుందని భయం. అమ్మ అట్లా తిడుతున్నంతసేపూ అది దెబ్బల సంగతిగానే ఉంటుంది. నేను నోరు తెరిస్తే ఇంకొకటవుతుంది. బావ నా వైపు చూశాడు. చదువుకున్న పిల్ల, ఏమన్నా అంటుందేమో అన్నట్టు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయన చెప్పులేసుకొని బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.

అక్క చీర మార్చుకొని వచ్చి "ఆయనేడి?" అని అడిగినప్పుడు గానీ నాకు తెలివి రాలేదు. పరిగెత్తాను. బస్టాండులో, పోచంపల్లి వైపు పోయే హైదరాబాదు బస్సు ఆగి ఉంది. ఆయన కిటికీ పక్కన కూర్చొని ఉన్నాడు.

"బావా, దిగు. నువ్వు కొట్టలేదని నాకు తెలుసు. అక్కకు రక్తంల ఏదో రోగమొచ్చింది."

ఆ మాట విన్నాక ఆయన ముఖంలో అవమానం ఏమీ మిగల్లేదు. జనాన్ని తోసుకుంటూ దిగాడు. "ఏం రోగం? బతుకుతదా?" అని అడిగాడు.

తెలియదన్నాను. దారి పొడుగునా ఆయన నా కంటే రెండడుగులు ముందే నడిచాడు.

మధ్యాహ్నానికి అందరం నల్లగొండలో ఉన్నాం. దవాఖానలో రక్తం పరీక్ష చేసేది ఒక సాయిబు. తెల్లగడ్డం, మందమైన అద్దాలు. అందరూ చాచా అనే పిలిచేవాళ్ళు. అక్క వేలిని సూదితో పొడిచి, గాజుపలక మీద రక్తం పూసి ఆరబెట్టాడు. పొడిచిన చోట రక్తం ఆగలేదు. దూది పెట్టి నొక్కి పట్టుకోమన్నాడు. బావ పట్టుకున్నాడు. అయిదు నిమిషాల తర్వాత దూది తీసి చూస్తే ఇంకా కారుతూనే ఉంది. బావ ఇంకో దూది తీసుకొని మళ్ళీ నొక్కిపట్టాడు.

నేను ఏం చదువుతున్నానో చెప్పి, పలకను నన్నూ చూడనివ్వమని అడిగాను. చాచా నన్ను ఒకసారి తేరిపార చూసి, జరిగి చోటిచ్చాడు.

మామూలు మనిషి రక్తంలో ఎర్రకణాల మధ్య ప్లేట్‌లెట్లు ఊదారంగు నలుసుల్లా ఎక్కడ చూసినా కనిపిస్తాయి. అక్క రక్తంలో ఎర్రకణాలున్నాయి. వాటి మధ్య ఏమీ లేదు. పలకను కొంచెం జరిపాను. ఏమీ లేదు. ఇంకొంచెం జరిపాను. అక్కడా అంతే.  తర్వాత తెల్లకణాల కోసం వెతికాను. కాన్సరైతే చెడ్డ కణాలు అక్కడ కనబడాలి. ఒకటి కనిపించింది, అది మంచిదో చెడ్డదో తేల్చుకోలేకపోయాను. నా కన్ను ఎలుకల కణాలకు అలవాటు పడింది. పైగా కళ్ళలో నీళ్ళు.

"లే బేటీ" అన్నాడు చాచా. "ఇంటోళ్ళ రక్తం ఇంటోళ్ళు చూడొద్దు. భయం ఉన్న కండ్లకు అన్నీ ఖరాబే కనబడ్తయి."

ఆయన కూర్చుని చాలాసేపు చూశాడు. నేను పలకను జరిపే ఆయన వేళ్ళనే చూస్తూ నిలబడ్డాను. ఆ వేళ్ళు ఆగితే ఏదో దొరికినట్టు. ఒకచోట ఆగాయి.

"గిది చూడు. జర చూడు, ఎంత పెద్దగున్నదో."

చూశాను. ఎర్రకణమంత ఉన్న ఒకే ఒక్క ప్లేట్‌లెట్.

"చెడ్డ కణాలు నాకైతే దొరకలే. నేను డాక్టర్‌ను కాదు, పక్కా చెప్ప. కానీ గింత పెద్దవి ఎప్పుడొస్తయో తెల్సా? లోపల కార్ఖానా బందు కానప్పుడు. తొందర తొందరల చేసి పంపిస్తున్నప్పుడు. బైటికొచ్చినంక వాటిని ఎవడో తింటుండు."

ఇదే మాట నేను పుస్తకంలో చదివాను. పేరాగ్రాఫు కింద గీత కూడా గీసుకున్నాను. ఆ రోజు అది నాకు గుర్తు రాలేదు. ప్లేట్‌లెట్ల లెక్క పద్దెనిమిది వేలు వచ్చింది. లక్షన్నరకు తగ్గకూడదు.

డాక్టరు అదే పూట హైదరాబాదు తీసుకుపొమ్మన్నాడు. ఎక్కడా దెబ్బ తగలనివ్వొద్దనీ, ముఖ్యంగా తలకు తగలనివ్వొద్దనీ చెప్పాడు. బాపు ఒక జీపు కిరాయికి తెచ్చాడు. నేను వెనక సీట్లో కూర్చొని అక్క తలను నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ రోడ్డు మీద వందసార్లు పోయి ఉంటాను, అన్ని గుంతలున్నాయని ఆ రోజే తెలిసింది. జీపు ఎగిరినప్పుడల్లా రెండు చేతులతో తలను పట్టుకునేదాన్ని. లోపల ఏదైనా చిట్లితే ఆగదు. చిట్లిందో లేదో పైకి తెలియదు. అందుకని కాసేపటికోసారి ఏదో ఒకటి మాట్లాడించేదాన్ని.

"అక్కా, తలనొస్తాందా?"

"లేదే."

కాస్త దూరం పోయాక, "అక్కా, మీ ఆడబిడ్డకు ఎంతమంది పిల్లలే?"

"ముగ్గురు. నీకెర్కే గదా. గిప్పుడెందుకు అడుగుతున్నవు?"

మాట తడబడలేదు. ఇంకో పది నిమిషాలు ఊపిరి పీల్చుకోవచ్చు. చౌటుప్పల్ దాటాక అక్క నిద్రపోయింది. నిద్రేనా అని భయపడి లేపాను. విసుక్కుంది. ఆ విసుగు నాకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

పెద్దాసుపత్రిలో చేర్చుకున్నారు. నా పరిశోధనకు గైడుగా ఉన్న మేడమ్‌కు అక్కడి రక్తజబ్బుల డాక్టరు తెలుసు. ఆయన మూలుగ పరీక్ష చేయాలన్నాడు. తుంటి ఎముకలోకి సూది దించి కాస్త మూలుగ తీస్తారు. అమ్మకు ఆ మాట చెప్పాల్సిన పని నా మీద పడింది.

"బొక్కలకెల్లి తీస్తరా?" అంది అమ్మ. "మన దిక్కు నీళ్ళతోని బొక్కలు వంగిన రోగమా?"

మా జిల్లాలో ఎముకల జబ్బంటే అందరికీ ముందు ఫ్లోరైడు నీళ్ళే గుర్తొస్తాయి. వంగిన కాళ్ళతో, కర్ర లేకుండా నిలబడలేని మనుషుల్ని చూస్తూ పెరిగినవాళ్ళం.

"నీళ్ళది కాదమ్మా. మూలుగ బొక్కల ఉంటది గదా, గా మూలుగ మంచిగున్నదా లేదా చూస్తరు."

"మంచిగ లేకుంటె?"

నేను అక్క దిండు సరిచేయడానికి లేచాను. 

సూది దించేటప్పుడు అక్క నా చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే ఆమె గాజు నా మణికట్టులో దిగింది. అరవలేదు. సూది తీశాక, "మీరు ఎలుకలకు గూడ గిట్లనే చేస్తరా?" అని అడిగింది.

ఎలుకలను ముందు చంపుతామని ఆమెకు చెప్పలేకపోయాను. అవునన్నాను.

మూలుగ పలకలకు రంగు పెట్టి సిద్ధం చేయడానికి మర్నాటి దాకా పట్టింది. మేడమ్ తనతో పాటు నన్ను ఆ డాక్టరు గదికి తీసుకెళ్ళింది. ఆయన సూక్ష్మదర్శిని మీద వంగి చూస్తున్నంతసేపూ నేను గోడకున్న కాలెండరులోని అంకెలు ఎక్కం చదివినట్టు చదువుకున్నాను. ఆయన తల ఎత్తి, "రా, నువ్వే చూడు" అన్నాడు.

చాచా మాట గుర్తొచ్చి వెనక్కి తగ్గాను.

"చూడమ్మా, భయం లేదు" అంది మేడమ్.

చూశాను. మెగాకారియోసైట్లు. ఒకటి కాదు, రెండు కాదు. ఎటు జరిపినా ఉన్నాయి. పెద్ద పెద్ద కణాలు, ముడతలు పడ్డ కేంద్రకాలతో, అంచులు ఇంకా నున్నగా, వయసు రానట్టుగా. ఎలుకల్లో వేలకొద్దీ చూశాను గానీ బతికున్న మనిషి నుంచి తీసినవి చూడటం అదే మొదటిసారి. అవి మా అక్కవి. కాన్సరు కణం ఒక్కటీ లేదు. నేను అక్కడే ఏడ్చేశాను.

మేడమ్ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "తయారీలో లోపం లేదు. ఆమె ఒళ్ళే తన ప్లేట్‌లెట్లను పరాయివి అనుకుంటోంది. వాటి మీద గుర్తు వేస్తోంది. గుర్తు పడ్డవాటిని ప్లీహం పట్టి నాశనం చేస్తోంది. మందుంది. చాలామందికి తగ్గుతుంది."

అక్కకు, బావకు నేను మా మాటల్లో చెప్పాను. ప్లీహం అంటే వాళ్ళకు అర్థం కాలేదు. మటన్ దుకాణంలో తిల్లి అంటారే, అదే అన్నాను.

"తిల్లి తింటాందా?" అన్నాడు బావ. "నాదేదన్న తప్పున్నదా గిండ్ల? రంగులతోని వచ్చిందా?"

 రంగుల వల్ల వచ్చిందని ఎవరూ చెప్పలేదని మాత్రం అన్నాను. ఆయన తన చేతుల్ని ఒళ్ళో దాచుకున్నాడు. ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ అక్కను ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కునేవాడు. ఆ రంగు కడిగితే పోయేది కాదని ఆయనకూ తెలుసు.

మందుబిళ్ళలు మొదలయ్యాయి. అక్క ముఖం ఉబ్బింది. ఆకలి పెరిగింది. కొత్త మచ్చలు రావడం తగ్గింది. అందరూ కుదుటపడుతున్న సమయంలో మేడమ్ నన్ను పక్కకు పిలిచి ఇంకో మాట చెప్పింది. తల్లి రక్తంలో ఆ గుర్తు వేసే పదార్థం మాయ దాటి బిడ్డలోకి కూడా పోతుంది. బిడ్డకూ ప్లేట్‌లెట్లు తగ్గొచ్చు. తగ్గితే, పుట్టినరోజు కంటే ఆ తర్వాతి రెండు మూడు రోజుల్లో ఇంకా తగ్గుతాయి.

"ఎవరికి చెప్పాలి?" అని అడిగాను.

"అది నువ్వు ఆలోచించుకో. తండ్రికి చెబితే మంచిది."

బావకు చెప్పాను. అక్కకు చెప్పొద్దన్నాడు ఆయన. ఇద్దరం రెండు నెలలు ఆ రహస్యం మోశాం. అక్క కడుపు మీద చెయ్యేసి "తన్నుతాంది, చూడు" అన్నప్పుడల్లా ఆయన నా వైపు చూసేవాడు. నేను కిటికీలోంచి బయటికి చూసేదాన్ని. ఆ రెండు నెలలు నేను ప్రయోగశాలకు పోయింది తక్కువ. పోయినా గాజు గిన్నెల ముందు ఊరికే కూర్చునేదాన్ని.

కాన్పుకు ముందు డాక్టర్లు, అవసరం పడితే ఎక్కించడానికి రక్తం ఇచ్చేవాళ్ళను సిద్ధంగా ఉంచమన్నారు. ప్లేట్‌లెట్లు ఎక్కువ రోజులు నిలవ ఉండవు, కాన్పు దగ్గర పడ్డాకే తీయాలి. బావ పోచంపల్లి పోయి, పొద్దటి బస్సుకు తన వాడకట్టు మనుషులు ఆరుగురిని వెంటబెట్టుకొచ్చాడు. అందరూ మగ్గాలు ఆపి వచ్చినవాళ్ళే. వరండాలో వరుసగా కూర్చున్నారు. మొదట చెయ్యి చాచింది బావే. రక్తమిచ్చి, మోచేతి మడతలో దూదితో బయటికి వచ్చాడు. అమ్మ చూసింది. నకిరేకల్ సంగతి జరిగినప్పటి నుంచి వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది అవసరానికే. అమ్మ డబ్బా మూత తీసి అన్నం కలిపి ఆయన ముందు పెట్టింది.

"తిను బిడ్డా" అంది. తల వంచుకునే, "గానాడు నా నోరు పాడుగాను" అంది.

"పోనీ అత్తా" అన్నాడు బావ. అన్నం మొత్తం తిన్నాడు.

అప్పుడు నాకూ నా మాట చెప్పాలనిపించింది. ఆ సాయంత్రం చాయ్ బండి దగ్గర చెప్పాను. "బావా, గానాడు నాకు ముందే తెలుసు. నువ్వు కొట్టలేదని తెలిసి గూడ నోరు మూసుకున్న. నువ్వు కొట్టి ఉంటేనే మంచిగుండు అనుకున్న."

ఆయన చాయ్ ఊదుకున్నాడు. "నేను గూడ అనుకున్న" అన్నాడు. "బస్సుల కూసున్నంక. నాకు తెల్వకుంట ఎవడన్న కొట్టిండేమో అని. వాడు దొరికితె సంపుదునని. మనిషైతె దొరుకుతడు గదా."

మూడు రోజుల తర్వాత పగటిపూట అక్కకు మామూలు కాన్పే అయింది. రక్తం అనుకున్నదానికంటే ఎక్కువ పోలేదు. ఆడపిల్ల. బొడ్డుతాడు నుంచి తీసిన రక్తంలో ప్లేట్‌లెట్లు తక్కువేగానీ భయపడేంత కాదన్నారు. అమ్మ అందరికీ మిఠాయి పంచింది. బావా నేనూ ఆ మిఠాయి చేతిలో పట్టుకొని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మేం లెక్క పెడుతున్నది మూడో రోజు కోసం.

మూడో రోజు పొద్దున పిల్లకు స్నానం చేయించడానికి నేను బట్టలు విప్పాను. పొట్ట మీద చుక్కలు. అమ్మ చూసి "చెమటకాయలు" అంది. నొక్కాను. నా చూపుడు వేలు ఆ పొట్ట మీద ఎంత పెద్దదిగా కనిపించిందో ఇప్పటికీ గుర్తు. ఎరుపు పోలేదు. పిల్లను అట్లాగే గుడ్డలో చుట్టి నర్సు దగ్గరికి పరిగెత్తాను.

మడమ పొడిచి రక్తం తీశారు. ముప్పై ఒక్క వేలు. అప్పుడు అక్కకు చెప్పక తప్పలేదు. తిడుతుందనుకున్నాను. ఆమె పిల్లను దగ్గరికి తీసుకొని, ఆ పొట్ట మీది చుక్కలను చూస్తూ అడిగింది.

"నా రక్తమే దీనికి గిట్ల చేసిందా?"

"నీ తప్పు కాదక్కా. నీలోంచి పోయింది దీని ఒంట్ల కొన్ని వారాలే ఉంటది. తర్వాత అదే పోతది. దీని మూలుగ మంచిగనే ఉన్నది."

"నువ్వు చూసినవా?"

చూడలేదు. అంత చిన్న పిల్లకు మూలుగ తీయరు. అయినా "చూసిన" అని అబద్ధం చెప్పాను.

నాలుగో రోజు ఇరవై ఆరు వేలు. పిల్లను వేరే గదిలో పెట్టారు. ఏడ్చినా భయం, ఏడవకపోయినా భయం. గట్టిగా ఏడిస్తే తలలో ఏమన్నా అవుతుందని, ఏడవకపోతే అయిపోయిందేమోనని. అయిదో రోజు కూడా అంతే ఉంది. ఆరో రోజు ముప్పై నాలుగు వేలు. ఆ కాగితం చేతికొచ్చినప్పుడు బావ నన్ను చదవమన్నాడు, మళ్ళీ చదవమన్నాడు, తర్వాత తానే తీసుకొని అంకెల మీద వేలు పెట్టి చదువుకున్నాడు. నెల దాటేసరికి పిల్ల లెక్క లక్ష దాటింది. అక్కకు బిళ్ళలు మెల్లమెల్లగా తగ్గించి, ఏడాదికల్లా ఆపేశారు.

నేను తిరిగి ప్రయోగశాలకు పోయేసరికి నా గాజు గిన్నెల్లో కణాలన్నీ చచ్చిపోయి ఉన్నాయి.  మేడమ్ మళ్ళీ మొదలుపెట్టమంది. మొదలుపెట్టాను. అంతకుముందు వాటిని నేను కణాలుగానే చూసేదాన్ని. ఆ తర్వాత సూక్ష్మదర్శిని కింద ఒక మెగాకారియోసైట్ కనిపిస్తే, చెయ్యి తడబడి గిన్నె ఒలికిపోతుందేమోనని ఊపిరి బిగబట్టేదాన్ని. కొన్ని నెలలకు ఒక మధ్యాహ్నం, ఒక కణం అంచుల్లోంచి సన్నని పోగులు సాగడం చూశాను. పోగుల మధ్యన పూసల్లాంటి ఉబ్బులు, తుంపులై విడిపోయి ప్లేట్‌లెట్లు కాబోయేవి. కరెంటు పోతుందేమో, పోతే గిన్నెను వెచ్చగా ఉంచే పెట్టెలో వేడి తగ్గి అది ఆగిపోతుందేమోనని కన్ను తీయకుండా చూశాను. కరెంటు పోలేదు. నా సిద్ధాంత వ్యాసంలో సగం ఆ మధ్యాహ్నం నుంచే వచ్చింది.

పిల్లకు నాలుగేళ్ళు నిండాక ఒకసారి పోచంపల్లి పోయాను. అక్క నూలుకు ముడులు కడుతోంది. ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి అడిగింది.

"ఇంకొకల్ని కనాలని ఉన్నది. మళ్ళ గట్లయితదా?"

"కావచ్చు. కాకపోవచ్చు."

"నువ్వు గిన్నేండ్లు గదే చదివినవు గదా."

"ప్లేట్‌లెట్ ఎట్ల పుడ్తదో జర తెలిసింది అక్కా. నీ ఒళ్ళు వాటినెందుకు పరాయివనుకున్నదో తెల్వదు. నాకే కాదు, ఎవలకూ తెల్వదు."

అక్క ముడి బిగించి దారం తెంపింది. "అయితె నువ్వు దగ్గరుంటవా?" అని అడిగింది.

ఉంటానన్నాను. ఆ రాబోయే తొమ్మిది నెలలూ నాకు అప్పటికప్పుడే కళ్ళ ముందు కనిపించాయి. అయినా ఉంటానన్నాను. ఆ మరుసటి ఏడు ఆమెకు రెండో పాప పుట్టింది. అక్క లెక్క మళ్ళీ తగ్గింది, మళ్ళీ బిళ్ళలు వేసుకుంది. మూడో రోజు పాప రక్తం పరీక్షకు తీసుకుపోయినప్పుడు, పలక చూస్తావా అని అక్కడివాళ్ళు నన్ను అడిగారు. వద్దని చెప్పి, బయట బల్ల మీద అమ్మ పక్కన కూర్చున్నాను. లక్షా డెబ్భై వేలని లోపలి నుంచి చెప్పారు. అమ్మకు అది మంచిదో చెడ్డదో తెలియక నా మోచెయ్యి పట్టుకొని గుంజింది.

"మంచిదే అమ్మా" అన్నాను. "మంచిగనే ఉన్నది."